పేరు డివిడెండు - మూలం ఏమిటి?

ఉద్యోగ విరమణ చేసిన సోదరులు కొందరు, "బీమా సంస్థ షేర్లు కొని ఏటేటా వచ్చే రాబడితో గడుపుకోవచ్చా? అది వడ్డీ కాదు, డివిడెండు కదా!" అని అడుగుతున్నారు.

షేరు అంటే భాగస్వామ్యం. లాభనష్టాలు పంచుకునే వ్యాపారాన్ని ఇస్లాం సమ్మతించింది. అయితే ఆ లాభం ఎక్కడి నుంచి వస్తున్నదో చూడాలి. బీమా సంస్థ ప్రీమియం సొమ్ములో అధిక భాగాన్ని ప్రభుత్వ బాండ్లలో, డిబెంచర్లలో పెట్టి వడ్డీ తీసుకుంటుంది. బావి నీరు మంచిది కానప్పుడు బిందె మార్చి ఏం లాభం? జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1985లోనే వాణిజ్య బీమా నిషిద్ధమని, పరస్పర సహకార బీమా సమ్మతమని తీర్మానించింది.

ప్రాపంచిక లెక్క చూసినా, 2022 మే నెలలో 949 రూపాయలకు అమ్మిన ఎల్.ఐ.సి. షేరుపై 2024-25కు ప్రకటించిన డివిడెండు 12 రూపాయలు. అంటే నూటికి రూపాయి పావలా! ఇంతమాత్రానికి సందేహాస్పదమైన సొమ్మును ఇంట్లోకి తెచ్చుకోవాలా?

దుకాణం కిరాయి, ధర్మసమ్మతమైన వ్యాపారంలో వాటా వంటి మార్గాలు లేకపోలేదు. ఇప్పటికే కొన్నవారు షేర్లు అమ్మి అసలు ఉంచుకుని, అందిన డివిడెండును పుణ్యఫలం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయడం మేలు. మన పిల్లల నోటికి అందే ముద్ద హలాల్‌దై ఉండాలి. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.