మిషెల్ అజిమాంగ్: చివరి నిమిషాల స్ట్రైకర్‌ ముందు సుదీర్ఘ నిరీక్షణ

ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు 2025 జులైలో యూరో టైటిల్‌ను నిలబెట్టుకుంది. ఫైనల్‌కు ముందు రెండు నాకౌట్ మ్యాచ్‌లలో ఆ జట్టు ఓటమి అంచుల దాకా వెళ్లింది. రెండుసార్లూ స్కోరు సమం చేసింది 19 ఏళ్ల మిషెల్ అజిమాంగ్. ఆ తర్వాత మూడు నెలలు తిరగక ముందే, అక్టోబర్ 21న డెర్బీలో ఆస్ట్రేలియాతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో గాయపడి, ఆమె స్ట్రెచర్‌పై మైదానం వీడారు. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగినట్లు తేలింది.

ఘనా మూలాలున్న కుటుంబంలో జన్మించిన అజిమాంగ్, ఎసెక్స్‌లో పెరిగారు. ఆరేళ్ల వయసులోనే ఆర్సెనల్ అకాడమీలో చేరారు. 2021లో వెంబ్లీలో ఇంగ్లండ్ ఆడుతున్నప్పుడు గీత బయట నిలబడి బంతులు అందించిన బాలికల్లో ఆమె ఒకరు. నాలుగేళ్లు గడవక ముందే, 2025 ఏప్రిల్‌లో అదే జట్టు తరఫున బెల్జియంపై బరిలోకి దిగారు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన 41 సెకన్లకే గోల్ కొట్టారు. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 3-2తో ఓడినా, కోచ్ సరీనా వీగ్‌మన్ ఆమెను మరిచిపోలేదు.

యూరోలో క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్‌పై ఇంగ్లండ్ 0-2తో వెనుకబడింది. 79వ నిమిషంలో లూసీ బ్రాంజ్, 81వ నిమిషంలో అజిమాంగ్ గోల్ చేయడంతో మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లింది. సెమీఫైనల్‌లో ఇటలీపై 96వ నిమిషంలో ఆమె స్కోరు సమం చేశారు. అదనపు సమయంలో ఆమె కొట్టిన మరో బంతి క్రాస్‌బార్‌ను తాకింది. టోర్నీ ఉత్తమ యువ క్రీడాకారిణి పురస్కారం ఆమెకే దక్కింది. విశేషమేమిటంటే, ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్‌లోనూ ఆమె తొలి పదకొండు మందిలో లేరు.

ఇంత చేసినా సొంత క్లబ్‌లో ఆమెకు స్థానం దొరకలేదు. అందుకు క్లబ్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ ఆర్సెనల్ అదే ఏడాది మేలో బార్సిలోనాను ఓడించి చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టు. అలెసియా రూసో, స్టీనా బ్లాక్‌స్టేనియస్ వంటి స్ట్రైకర్లు అక్కడ ఉన్నారు. బెంచీపై కూర్చోవడం కంటే వారం వారం ఆడటమే యువ ఫార్వర్డ్‌కు మేలనే ఆలోచనతో ఆమెను వరుసగా రెండో సీజన్‌కూ బ్రైటన్‌కు అరువుపై పంపారు. ఆ లెక్క సరైనదే. గోల్ ముందు బలం, వేగం ఆమెకు ఉన్నాయి. తొంభై నిమిషాలూ దాడిని నడిపించే అనుభవమే ఇంకా కావాలి. గాయం ఆపేసింది సరిగ్గా ఆ శిక్షణనే.

ఏసీఎల్ ఆర్సెనల్‌కు కొత్త మాట కాదు. 2022-23 సీజన్‌లో బెత్ మీడ్, వివియానె మీడెమా, లియా విలియమ్సన్ ఒకరి తర్వాత ఒకరు ఇదే గాయానికి గురయ్యారు. మీడ్, విలియమ్సన్‌ లేకుండానే ఇంగ్లండ్ 2023 ప్రపంచకప్ ఆడింది. పురుషుల కంటే మహిళా ఫుట్‌బాలర్లకు ఈ ముప్పు కనీసం రెట్టింపని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. కారణమేమిటన్న దానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. దీర్ఘకాలం చర్చ శరీర నిర్మాణం, హార్మోన్ల చుట్టూనే తిరిగింది. మ్యాచ్‌ల మధ్య విరామం, ప్రయాణాలు, మైదానాల నాణ్యత, పురుషుల పాదాల కొలతలతో తయారయ్యే బూట్లు ఆ తర్వాతే చర్చలోకి వచ్చాయి. ఆటగాళ్ల సంఘాలు, లీడ్స్ బెకెట్ యూనివర్సిటీ తదితరులు 2024లో ప్రారంభించిన 'ప్రాజెక్ట్ ఏసీఎల్' ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో ఈ పరిస్థితులనే పరిశీలిస్తోంది.

కోలుకోవడానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. స్ట్రైకర్లకు ఆ తర్వాతా కొంత కాలం కావాలి. పరుగు మధ్యలో ఒక్కసారిగా ఆగి మలుపు తిరగడమే వారి పని, మోకాలిపై అత్యధిక ఒత్తిడి పడేది కూడా అక్కడే. తదుపరి ప్రపంచకప్ 2027 జూన్‌లో బ్రెజిల్‌లో మొదలవుతుంది. గాయపడిన నాటి నుంచి అప్పటికి ఇరవై నెలలు.