సంతకి వారం ఉన్నట్టు ఈ జబ్బుకీ ఒక వారం ఉండాలి

ఈసారి గోడ పత్రికలో సికిల్ సెల్ జబ్బు గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

మన రక్తంలో ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఈ జబ్బులో అవి కొడవలి లాగ వంగిపోయి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం ఆడక కీళ్ళు, నడుము, ఛాతీ ఓర్చుకోలేనంత నొప్పి పెడతాయి. మంచి కణం 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే రక్తం తగ్గిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. అమ్మానాన్న ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది.

మైదానం వాళ్ళలో ఇది అరుదు, మన గిరిజనుల్లో ఎక్కువ. చిక్కంతా ఇక్కడే ఉంది. మైదానంలో చదువుకుని వచ్చిన డాక్టరు ఈ జబ్బుని చూసి ఉండకపోవచ్చు. మా చిన్నాయన కూతురికి అలాగే అయింది. నొప్పి వచ్చినప్పుడల్లా గురువు చేత మంత్రం వేయించారు. తర్వాత డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకెళ్ళారు. ఒక చోట కీళ్ళవాతం అన్నారు, ఇంకో చోట రక్తం తక్కువని ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపేశారు. మూడేళ్ళు పోయాక ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పింది. ఆ మూడేళ్ళలో చెల్లి చదువు ఆగిపోయింది.

జబ్బు తెలిసిన డాక్టరైతే ఏం తేడా? ఐరన్ తక్కువని పరీక్షలో తేలితేనే ఐరన్ ఇస్తాడు. ఫోలిక్ యాసిడ్ ఇస్తాడు. అవసరమైన వాళ్ళకి హైడ్రాక్సీయూరియా మొదలుపెడతాడు. అది వాడితే నొప్పులు తగ్గుతాయి. కానీ మధ్య మధ్య రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. జ్వరం వస్తే రేపు చూద్దాం అనడు, ఈ జబ్బు వాళ్ళకి జ్వరం ప్రమాదం అని అతనికి తెలుసు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్షలు చెయ్యాలని పెట్టుకున్నారు. కార్డులు కూడా ఇస్తున్నారు. మంచిదే. కానీ ట్రంకుపెట్టెలో కార్డు ఉంటే నొప్పి తగ్గుతుందా?

విశాఖ పెద్దాస్పత్రికి వెళ్ళొచ్చు కదా అని కొందరు అంటారు. పాడేరు నుంచి వంద కిలోమీటర్ల పైనే. బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి ఎవరిస్తారు? ఒకసారి వెళ్తారు, రెండోసారి మానేస్తారు. మందు కూడా ఆగిపోతుంది.

అందుకే నేనంటాను, ఏజెన్సీలో ప్రతి పెద్ద ఆస్పత్రిలో ఈ జబ్బు మీద శిక్షణ పొందిన ఒక డాక్టరు, ఒక నర్సు ఉండాలి. సంతకి వారం ఉన్నట్టు ఈ జబ్బుకీ ఒక వారం ఉండాలి. సంత రోజే అయితే మరీ మంచిది, మన అమ్మలు ఎలాగూ కొండ దిగి వస్తారు. డాక్టరు బదిలీ అయినా కొత్తాయనకి తెలిసేలా ప్రతి రోగికి ఒక పుస్తకం రాసి పెట్టాలి.

ఇక పెళ్ళిళ్ళ సంగతి. మనలో మేనరికాలు ఎక్కువ. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రం ఉన్నవాళ్ళు ఇద్దరు చేసుకుంటే ప్రతి కానుపులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరి కార్డులూ ముందే చూసుకోవాలి. అంతేగాని ఆడపిల్లని ఒక్కదాన్నే వంక పెట్టకూడదు.

వార్డెన్ మేడం గారికి మూడు విన్నపాలు. ఈ జబ్బు ఉన్న పిల్లలకి చలికాలం వేడినీళ్ళు ఇప్పించండి, చలికి నొప్పి లేస్తుంది. క్లాసులో నీళ్ళు తాగనివ్వండి, బాత్‌రూమ్‌కి వెళ్ళనివ్వండి. నొప్పి అంటే నటన అనకుండా ఆస్పత్రికి పంపండి. మొదటి రెండూ రేపటి నుంచే చెయ్యొచ్చు, వాటికి డాక్టరు అక్కర్లేదు.

— 9వ తరగతి విద్యార్థిని