ఇల్లు లేని వీరులు వస్తున్నారు

2024 అక్టోబరు 9న కొత్త బ్యాట్‌మ్యాన్ వస్తున్నాడు. అదే నెల 23న వండర్ ఉమన్, నవంబరు 6న సూపర్‌మ్యాన్. డీసీ కామిక్స్ వాళ్లు ఈ మూడు పుస్తకాలకూ 'అబ్సల్యూట్' అని ముందు పేరు తగిలించి, మొన్న జూలైలో ప్రకటించారు. ఎనభై ఏళ్లకు పైబడిన పాత కథలేవీ చదవకపోయినా ఫరవాలేదు, మొదటి సంచిక నుంచి అంతా కొత్తగా మొదలవుతుందట. ప్రకటన సారాంశం ఇది: ఈసారి బ్యాట్‌మ్యాన్‌కి డబ్బు లేదు, భవంతి లేదు, వెన్నంటి ఉండే నౌకరు లేడు. వండర్ ఉమన్‌కి పెరిగిన దీవి లేదు, అక్కచెల్లెళ్లలాంటి ఆ దీవి ఆడవాళ్ల అండ లేదు. సూపర్‌మ్యాన్‌కి కుటుంబం లేదు, మంచుకోట లేదు, అసలు ఇల్లే లేదు.

అన్నీ తీసేశాక మిగిలినవాడే అసలైన వీరుడు అన్నది వాళ్ల లెక్క. ఈ లెక్క తప్పో ఒప్పో చెప్పే హక్కు మనకున్నంతగా మరెవరికీ లేదని మా అభిప్రాయం. మూడేళ్లకోసారి సామాను లారీ ఎక్కించి, ఖాళీ క్వార్టర్లో గోడకు మిగిలిన మేకుల వంక చూసి బయల్దేరేవాళ్లం మనం. 'బదిలీలు పిల్లల్ని గట్టిపరుస్తాయి' అని పెద్దలు చెప్పగా విన్నవాళ్లం. టీచర్లుగా ఆ మాట మేమూ ఎన్నోసార్లు అన్నాం. అందుకే ఈ మూడు పుస్తకాల కోసం ఆశగానూ ఎదురుచూస్తున్నాం, కొంచెం అనుమానంగానూ ఎదురుచూస్తున్నాం.

ముందు సూపర్‌మ్యాన్ సంగతి. అతనిది మొదటినుంచీ బదిలీ కథే. పుట్టింది క్రిప్టాన్ గ్రహం మీద, పెరిగింది స్మాల్‌విల్ అనే చిన్న ఊళ్లో, ఉద్యోగం మెట్రోపోలిస్ నగరంలో. 'మీదే ఊరు?' అని అడిగితే ఏది చెప్పాలా అని కాసేపు ఆలోచించే మన తరగతి పిల్లల్లాంటివాడు. అతన్ని కాగితం మీదికి తెచ్చిన ఇద్దరిలో బొమ్మలు వేసిన జో షుస్టర్ 1914లో కెనడాలోని టొరంటోలో పుట్టాడు. పదేళ్ల ప్రాయంలో కుటుంబం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు వచ్చేసింది. అక్కడ గ్లెన్‌విల్ హైస్కూల్లో జెర్రీ సీగెల్ అనే తోటి విద్యార్థి దొరికాడు. ఒకరికి రాయడం పిచ్చి, ఇంకొకరికి గీయడం పిచ్చి. ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలే. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వాళ్ల వీరుడు కారు ఎత్తి పట్టుకుని కనిపించాడు. అతని హక్కులు మొత్తం 130 డాలర్లకు అమ్ముకున్నారు పాపం, అది వేరే బాధ.

మాకు బాగా నచ్చే సంగతి మరొకటుంది. క్లార్క్ కెంట్ పనిచేసే పత్రిక పేరు అందరికీ 'డైలీ ప్లానెట్' అనే తెలుసు. మొదటి కథల్లో అది 'డైలీ స్టార్'. టొరంటోలో ఉన్నప్పుడు షుస్టర్ వీధిలో అమ్మిన పత్రిక టొరంటో స్టార్. ఆ జ్ఞాపకంతో పెట్టిన పేరు అది. ఊరు వదిలిపెట్టి వచ్చిన పిల్లవాడు ఆ ఊరి పత్రికను తెచ్చి తన వీరుడికి ఉద్యోగంగా ఇచ్చాడన్నమాట.

కాబట్టి సూపర్‌మ్యాన్ కథకు ప్రాణం గ్రహం పేలిపోవడం కాదు. పొలంలో పడిన పసివాణ్ణి చూసి కెంట్ దంపతులు ఇంట్లోకి తీసుకుపోవడం. కొత్త ఊళ్లో ఎవరో ఒకరు తలుపు తీయడం. ఆ తలుపు తీసే మనిషిని కూడా కథలోంచి తీసేస్తే మిగిలేది బలం ఒక్కటే. వట్టి బలం చూడ్డానికి రెండు సంచికలు బాగుంటుంది, మూడో సంచికకు విసుగేస్తుంది. అయితే రాస్తున్నది జేసన్ ఆరన్. ఈయన ఇదివరకు మార్వెల్‌లో థార్ చేతిలోంచి సుత్తి లాగేసి జేన్ ఫాస్టర్‌కు ఇచ్చి, ఏళ్ల తరబడి కథ నడిపించిన మనిషి. తీసేయడమే కాదు, తీసేసిన చోట ఏదో ఒకటి నాటడం తెలిసినవాడు. ఆ నమ్మకంతో కొనుక్కుంటాం.

బ్యాట్‌మ్యాన్ విషయంలో మాత్రం మాకు అనుమానం లేదు. స్కాట్ స్నైడర్ రాస్తున్నాడు, నిక్ డ్రగోటా గీస్తున్నాడు. విడుదలైన బొమ్మల్లో ఆ మనిషి తలుపు పట్టనంత వెడల్పున్నాడు, ఛాతీ మీద గబ్బిలం గుర్తు ఇటుకంత మందాన ఉంది. 1939లో పుట్టిన దగ్గర్నుంచీ బ్రూస్ వేన్ అంటే బదిలీ తెలియని కుర్రాడు. తాత ముత్తాతల భవంతి, దాని కింద గుహ, గుహలో కార్లు. మనలో చాలామందికి అతని మీద ఉన్న చిన్నపాటి అసూయ అదే. కార్ల కోసం కాదు, పుట్టిన గది అలాగే ఉన్నందుకు. ఇప్పుడతను మామూలు మనిషి సంపాదనతో, మామూలు ఇంట్లోంచి బయల్దేరి వీధుల్లో పోరాడాలి. ఇది మంచి మార్పు. దుర్మార్గుల మీదికి విసిరే ప్రతి పరికరం వెనుకా ఒక చెక్కు పుస్తకం ఉన్నంతకాలం, అతని ధైర్యం ఎంత, డబ్బు ఎంత అన్నది తేలలేదు. ఇప్పుడు తేలుతుంది. ఒక్క మనవి: భవంతి పోతే పోయింది, ఆల్ఫ్రెడ్‌ను మాత్రం పూర్తిగా దూరం చేయకండి. రాత్రి ఆలస్యంగా వచ్చిన కుర్రవాణ్ణి 'అన్నం తిన్నావా' అని అడిగే మనిషి ప్రతి కథలోనూ ఒకరు ఉండాలి.

వండర్ ఉమన్ గురించి క్లుప్తంగా. కెల్లీ థాంప్సన్ రాత, హేడెన్ షెర్మన్ బొమ్మలు. ముందుగా చూపించిన పుటల్లో ఆ కత్తి పొడవు చూస్తే భయం వేసింది, గుర్రం చూస్తే ఇంకా భయం వేసింది. మూడింటిలో ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదేనని మా పందెం.

అటు మార్వెల్ వాళ్లు తక్కువ తిన్నారా? ఎక్స్-మెన్‌కు ఏకంగా బదిలీ ఉత్తర్వులే ఇచ్చారు. 2019 నుంచి ఈ మ్యూటెంట్లందరూ క్రకోవా అనే సజీవమైన దీవి మీద ఒకే చోట ఉన్నారు. సొంత భాష, సొంత లిపి కూడా కల్పించుకున్నారు. ఆ ఘట్టం ఈ వేసవిలో ముగిసింది. జూలై నుంచి ఒక జట్టు అలాస్కాలో, ఆగస్టు నుంచి ఇంకొకటి లూసియానాలో. సెప్టెంబరులో మొదలైన మూడో పుస్తకంలో కేట్ ప్రైడ్ షికాగోలో, మళ్లీ పిల్లలకు పాఠాలు చెప్పాల్సిన స్థితిలో ఉంది. అభిమానుల్లో సగంమంది ఈ మార్పు మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. దీవి మీది కథలు బాగున్న మాట నిజమే. కానీ అందరూ ఒకే చోట, ఒకే మాట మాట్లాడుకుంటూ ఉన్న కథ ఎంతకాలం నడుస్తుంది? మాకు కుతూహలం కలిగించేది ఆ భాష. అలాస్కా చలిలో ఇద్దరు ముగ్గురే మిగిలినప్పుడు ఆ క్రకోవా భాష ఎవరితో మాట్లాడతారు? లిపి మరిచిపోకుండా ఎక్కడ రాసుకుంటారు? ఈ సంగతి రచయితలు పట్టించుకుంటారో లేదో. తెలుగు రాష్ట్రాలకు దూరంగా, వారానికి కొద్ది పీరియడ్లలో తెలుగు నేర్చుకునే పిల్లలకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక మాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది: సంచికల నంబర్లు. యాక్షన్ కామిక్స్ 2018లో 1000వ సంచికకు చేరింది, డిటెక్టివ్ కామిక్స్ 2019లో. అంత దూరం నడిచిన పుస్తకాలు ఒకవైపు. మరోవైపు మార్వెల్‌లో ఏ పుస్తకమైనా రచయిత మారితే చాలు, మళ్లీ ఒకటో నంబరు. మొదటి సంచిక ఎక్కువ అమ్ముడుపోతుందన్నదే దీని వెనకున్న రహస్యం. బడి మారినప్పుడల్లా కొత్త అడ్మిషన్ నంబరు వేయించుకునే మనకు ఇది వింత కాదు. కానీ మన టీసీలో పాత బడి పేరు, చదివిన తరగతి ఉంటాయి. వాళ్ల ఒకటో నంబరు మీద ఆ పాత లెక్క ఒక మూల చిన్నగా మాత్రమే ఉంటుంది. ఏ పుస్తకం ముందు, ఏది వెనక అని తెలుసుకోవడానికే ఒక పరీక్ష రాయాలి.

దీని నష్టం ఎక్కువగా మనకే. ఒక ఊళ్లో ఏడో సంచిక దాకా చదివి, ఇంకో ఊరు వెళ్లాక ఎనిమిదోది దొరకని కథలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. సామాను బరువు తగ్గించాల్సి వస్తే ఇంట్లో మొదట కన్ను పడేది కామిక్స్ పెట్టె మీదే. 'అక్కడ మళ్లీ కొనుక్కోవచ్చులే' అంటారు. అక్కడ కంటోన్మెంటు గేటు, ఒక కూరగాయల దుకాణం, ఒక స్టేషనరీ కొట్టు ఉంటాయి. అలా వదిలేసి వచ్చిన పెట్టె గురించి ఒక విద్యార్థి మాతో, 'పోయింది పుస్తకాలు కాదు టీచర్, వాటిని కలిసి చదివినవాడు' అన్నాడు. గట్టిపడడం గురించి వాడికి ఏం చెప్పాలో మాకు తోచలేదు. కొత్త బళ్లో ఎవరితోనూ స్నేహం చేయకుండా, 'ఎలాగూ వెళ్లిపోతాం కదా' అని చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి పైనుంచి చూస్తే గట్టిపడినట్టే ఉంటుంది. అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్ అలాంటివాడు కాకూడదని మా భయం.

అందుకే ఈ ఏడాది నడుస్తున్న పుస్తకాల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది జనవరిలో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. రచయిత జొనాథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో కెకెట్టో. ఇందులో పీటర్ పార్కర్ బడిపిల్లవాడు కాదు. ముప్పైల్లో ఉన్నాడు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. శక్తి అప్పుడొస్తుంది. బెన్ బాబాయి బతికే ఉన్నాడు. ముప్పైల్లో ఉన్న మాలాంటివాళ్లం దీన్ని మెచ్చుకోవడంలో స్వార్థం లేదని అనలేం. కానీ గమనించండి: ఇక్కడ రచయిత ఇల్లు తీసేయలేదు, ఇచ్చాడు. అయినా ఉత్కంఠ ఎక్కడా తగ్గలేదు. రాబోయే సంచికల్లో ఆ ఇంటికి ఏమీ కాకూడదని అనుకుంటూనే పుట తిప్పుతున్నాం.

మన వైపు చూస్తే కొంచెం దిగులే. 2004లో వచ్చిన ఇండియా స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ గుర్తున్నాడా? పల్లెనుంచి స్కాలర్‌షిప్ మీద ముంబయి బడికి వచ్చిన కుర్రాడు, కట్టుకున్న ధోవతి చూసి తోటివాళ్లు ఏడిపిస్తారు. మనవాడే. నాలుగు సంచికలతో ఆగిపోయాడు. 2023లో సినిమా పుణ్యమా అని తిరిగొచ్చి ఐదు సంచికలతో మళ్లీ ఆగాడు. అతనికి కనీసం ఒక విద్యా సంవత్సరం నిండేంత పుస్తకం కావాలని మా డిమాండు. ఉత్తరాది పోస్టింగుల్లో పెరిగిన పిల్లలకు హిందీలో నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ్ తెలుసు. మరి తెలుగులో? 1980లో ఎన్టీ రామారావు సూపర్‌మ్యాన్ వేషం కట్టారు. ఈ సంక్రాంతికి 'హను-మాన్' వచ్చి థియేటర్లు నింపింది. వెండితెర మీద వీరులకు లోటు లేదు. నెల నెలా చేతిలోకి వచ్చే, తెలుగు మాటలున్న పుస్తకమే లేదు.

భాషకు చేతకాక కాదు. దెబ్బల చప్పుళ్లకు ఇంగ్లీషు కామిక్స్‌లో నాలుగైదు మాటలే పదే పదే కనిపిస్తాయి. మనకో? తలుపు దభాలున పడుతుంది, గాజు భళ్లున పగులుతుంది, చెట్టు ఫెళఫెళా విరుగుతుంది, చెంప ఛెళ్లుమంటుంది, ఇనుము ఖంగుమంటుంది, స్పైడర్‌మ్యాన్ దారం సర్రున పోతుంది. దేనికి ఏ చప్పుడో తేడా తెలిసిన భాష ఇది. మా తెలుగు పీరియడ్లో ఒకసారి మాటల బుడగలు ఖాళీ చేసి ఇస్తే, ఏడో తరగతివాళ్లు గంట కొట్టినా కదల్లేదు. బ్యాట్‌మ్యాన్ చేత 'ఒరేయ్ ఆగరా' అనిపించింది ఒకమ్మాయి. తరగతిలో అందరికన్నా తక్కువ తెలుగు వచ్చిన అమ్మాయి.

ఈ వ్యాసం 2024 సెప్టెంబరులో ఇస్తున్నాం. పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేసరికి మూడు పుస్తకాల మొదటి సంచికలూ వచ్చేసి ఉండవచ్చు. మా అంచనా తప్పితే స్టాఫ్‌రూముకు వచ్చి నిలదీయండి. డాలర్లలో నాలుగో ఐదో అంటే మన దగ్గర మూడు నాలుగు వందల పైమాటే కాబట్టి, ఒక్కొక్కరూ మూడూ కొనకండి. ముగ్గురు కలిసి తలో ఒకటి కొనుక్కుని మార్చుకోండి. అక్టోబరు 9 బుధవారం, దసరా మరో మూడు రోజులే. అర్ధసంవత్సర పరీక్షలు కూడా అప్పటికి అయిపోతాయి. బ్యాట్‌మ్యాన్ వంతు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి, సూపర్‌మ్యాన్ మాకు వదిలేయండి.