పాత్రను ప్రతీకగా మార్చినదెవరు?

సెప్టెంబరు 17 సమీపించే కొద్దీ మన పట్టణాల్లో, పల్లెల్లో ఒక మాట మళ్ళీ వినిపిస్తుంది: రజాకారు. ఆ రోజును విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని మరికొందరు పిలుస్తారు. సభలు వేరైనా ఆ మాట మాత్రం అన్నింటా ఒకటే. స్వచ్ఛంద సేవకుడని దాని అసలు అర్థం. తెలుగు నేల మీద అది క్రౌర్యానికి మారుపేరైంది. ఇందులో భాషను తప్పుపట్టవలసినది లేదు. ఆ పేరు ధరించినవారు తమ చేతలతో సంపాదించుకున్న అర్థమది. అయితే అది ఒక సాయుధ దళాన్ని విడిచి, టోపీ పెట్టుకున్న ప్రతి మనిషి మీదా ఎట్లా వాలింది? తరగతి గదిలో పదేళ్ల పిల్లవాడిని తోటి పిల్లలు ఆ మాటతో పిలిచే స్థితి ఎట్లా వచ్చింది? ఈ విచారణకు వేదికల మీది ప్రసంగాల కన్న తెలంగాణ కథ, నవల ఎక్కువ తోడ్పడతాయని మా నమ్మకం.

హుస్నాబాద్ ప్రాంతానికి ఈ చరిత్ర దూరపు ముచ్చట కాదు. 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు నిజాం బలగాల తూటాలకు నేలకొరిగారు. అదే ఏడాది ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండను ఇక్కడి పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. వీటిని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనలో ఎవరికీ లేదు. మనకూ మనవారికీ వ్యతిరేకంగానైనా న్యాయం పక్షాన సాక్ష్యం పలకాలని ఆదేశించిన గ్రంథాన్ని అనుసరించే సమాజం మనది.

ఇక్కడికి చేరువలోని వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ‘విజయ’ అనే కలం పేరుతో రాసిన ‘గొల్ల రామవ్వ’ కథ 1949లో కాకతీయ పత్రికలో అచ్చయింది. ప్రధానమంత్రి రాసిన కథగా దానిని ఇప్పుడు గుర్తు చేసుకుంటారు గాని, కథగా చదివేవారు తక్కువ. ఒక ముసలి గొల్ల స్త్రీ, ఆమె మనవరాలు, ఒక గుడిసె. వెంటాడే బలగాల నుండి తప్పించుకుని ఒక యువకుడు రాత్రివేళ ఆ గుడిసె చేరతాడు. రామవ్వ అతనికి గొల్ల వేషం వేసి, తన ఇంటి మనిషిగా చూపి ప్రాణం నిలబెడుతుంది. కథ మొత్తానికి బలమైన ప్రతీక ఆ వేషమే. వచ్చినవారు మనిషిని చూడలేదు, బట్టను చూశారు. బట్టను బట్టి అతడెవరో నిర్ణయించుకుని వెళ్ళిపోయారు. రాజ్యం చూపు ఎంత పైపైనదో రచయిత ఇంతకన్న తేటగా చెప్పనక్కరలేదు.

ఈ కథ చదివి ముస్లింల మీద ద్వేషం పెంచుకునేవాడు కథలోని రామవ్వ పక్షాన లేడని మేమంటాము. లుంగీని, గడ్డాన్ని చూసి మనిషిని తేల్చేసేవాడు ఆ గుడిసె ముందుకు వచ్చిన జవానుల వరుసలోనే నిలబడి ఉన్నాడు. ఇక శరణు కోరి వచ్చినవారికి పనాహ్ ఇవ్వడం మన పిల్లలకు సీరత్ పాఠాల నుండే తెలుసు. రామవ్వను పరాయి పాత్రగా చూడవలసిన అవసరం మనకు ఏమున్నది?

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ 1969లో వచ్చింది. ఆ నవలను నిజాం పాలన మీద అభియోగపత్రంగా మాత్రమే చదవడం అలవాటైంది. పేరునే ఒకసారి గమనించండి. బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతజ్ఞుడు సారంగపాణి చూసిన పల్లెలో దేవుళ్ళు ఎవరు? దొర, కరణం. పైనున్న పెద్ద దేవుడు హైదరాబాదులో ఉండవచ్చు. పల్లెలో వెట్టి చేయించినది, ఆడపిల్లలను గడీల్లో దాసీలుగా ఉంచుకున్నది ఈ చిల్లర దేవుళ్ళు. వారి మతం సుల్తాను మతం కాదు. ‘చిల్లర’ అన్న ఒక్క విశేషణంలో రచయిత దోపిడీకి నిలిచిన మెట్లన్నిటినీ చూపించాడు. ఆ మెట్లను చెరిపివేసి, పైమెట్టు మీది మతాన్ని మాత్రమే గుర్తుంచుకోవడం ఆ నవలకు చేసే ద్రోహం.

అదే మెట్ల కింద నలిగిన ముస్లిం రైతూ ఉన్నాడు. కామారెడ్డిగూడెం షేక్ బందగీ విస్నూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో పోరాడాడు. దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో హతుడయ్యాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకానికి ఆయన మరణమే ప్రేరణ అంటారు. అదే పేరుతో గౌతమ్ ఘోష్ 1979లో తీసిన చిత్రానికి ఆధారం మరొకటి: కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. తెలంగాణ రైతు తిరుగుబాటును దేశానికి చెప్పిన నవల పుట్టింది ఉర్దూలో, రాసినవాడు హిందువు. ఉర్దూను ఏలినవారి భాషగా మాత్రమే చూసేవారికి ఇది మింగుడుపడదు.

ఇప్పుడు మన ఇంటి వైపు చూద్దాం. ముస్లింను పాలనకు ప్రతీకగా చేసినవారు ముందుగా రచయితలు కారు. ‘అనల్ మలిక్’ అంటూ ప్రతి ముస్లింనూ రాజును చేసిన ఆనాటి మజ్లిస్ నినాదం ఆ పని చేసింది. ఝట్కా తోలేవాడికి, దూదేకులవాడికి, పీర్ల చావిడి ఊడ్చే ఫకీరుకు ఆ రాజ్యంలో గుంటెడు నేల లేదు. అయినా రాజువు నీవేనని చెప్పారు. రాజ్యం పోయిన రోజున ఎదుటివారు ఆ మాటను నిజమని పట్టుకుని లెక్క తేల్చుకోవడానికి వచ్చారు. లాతూరు వకీలు కాసిం రజ్వీ జైలు నుండి విడుదలై పాకిస్తాన్ చేరాడు. లెక్క కట్టినది పల్లెల్లో మిగిలిన పేదలు. సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం పోలీసు చర్య సమయంలో, ఆ తరువాత హతులైనవారు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల మంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని ఆ నివేదిక చెప్పింది. నిజాం కాలమంతా స్వర్ణయుగమని దీవాన్‌ఖానాల్లో నిట్టూర్చే మన పెద్దలు సైతం ఆ పాత నినాదాన్నే మరో గొంతుతో పలుకుతున్నారు.

ఈ రెండో విషాదం తెలుగు కథలోకి ఎంత వచ్చింది? చాలా తక్కువ. నెల్లూరి కేశవస్వామి ఒక్కడే గుర్తుకు వస్తాడంటే అతిశయోక్తి కాదు. పోలీసు చర్య నాటి హైదరాబాదు మీద ఆయన ‘యుగాంతం’ రాశాడు. ‘చార్మినార్’ కథల్లోని ముస్లింలు నవాబులుగానో రాక్షసులుగానో కాక ఇంటివాళ్ళుగా కనిపిస్తారు. ప్రేమిస్తారు, అప్పుల పాలవుతారు, అబద్ధాలాడతారు. పాత్ర అంటే అది. మనవాళ్ళు తమ కథలను తామే ఒక సంకలనంగా, స్కైబాబా సంపాదకత్వంలో ‘వతన్’గా తెచ్చుకునే సరికి 2004 వచ్చింది. అప్పటికి పోలీసు చర్య జరిగి యాభై ఆరేళ్ళు. అంత కాలం మన మౌనంలోకి ఇతరులు తమకు తోచిన ముఖాన్ని గీసి పెట్టారు. 2024లో ‘రజాకార్’ పేరుతో సినిమా వచ్చినప్పుడు దానికి సమాధానంగా చూపడానికి పుస్తకాలు ఉన్నా, మన ఇళ్ళలో అవి లేవు.

రజాకార్ల ప్రస్తావన ఉన్న కథలను పాఠ్యాంశాల నుండి తీసివేయాలని కోరేవారితో మేము ఏకీభవించము. తీసివేస్తే బైరాన్‌పల్లిని దాచినవారమవుతాము. మా కోరిక వేరు. ‘గొల్ల రామవ్వ’ చదివించే ఉపాధ్యాయుడు దాని పక్కనే ‘యుగాంతం’ కూడా చదివించాలి. మైనారిటీ గురుకులాల గ్రంథాలయాల్లో ‘చిల్లర దేవుళ్ళు’, ‘చార్మినార్’, ‘వతన్’ ఒకే అరలో ఉండాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఈ మేరకు వినతిపత్రాలు ఇవ్వవలసిన బాధ్యత స్థానిక సంఘాలది. హుస్నాబాద్‌లోని మన మిత్రులు ఆగస్టులోనే ఈ పని మొదలుపెట్టాలి. సెప్టెంబరు 17 తరువాత అధికారులకు తీరిక ఉన్నా, వినే ఆసక్తి ఉండదు. ఇక తల్లిదండ్రులకు ఒక మనవి: బడిలో పిల్లవాడికి ఆ మాట తగిలి ఇంటికి వస్తే, ఫిర్యాదుకు వెళ్ళే ముందు ఆ రాత్రి బందగీ ఎవరో వాడికి చెప్పండి.