మాత్రకు ముందు ఒక మాట

పరీక్షల రోజుల్లో పిల్లలు తలనొప్పి అనగానే పెయిన్‌కిల్లర్ వేసి స్కూల్‌కి పంపేస్తున్నాం. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు మైగ్రేన్ రాకుండా రోజూ ఇచ్చే రెండు మందులను పరీక్షించారు. 2017లో వెలువడిన ఫలితాల్లో, మందే లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 61 శాతం మందికి తలనొప్పి రోజులు సగమైనా తగ్గాయి. అసలు మందులు అంతకు మించి మేలు చేయలేదు.

నమ్మకంతో కలిగే ఇలాంటి ఉపశమనమే ప్లాసిబో ఎఫెక్ట్. అంటే పిల్లల నొప్పి నటన అని కాదు. ధైర్యం, ఆదరణ కూడా నొప్పిని తగ్గించగలవని.

కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానం మన పక్కనే ఉంది. పెయిన్‌కిల్లర్లు అతిగా వాడితే కిడ్నీలకు చేటు. అందుకే ముందు పక్కన కూర్చోండి, నీళ్లివ్వండి, కాసేపు పడుకోనివ్వండి. నొప్పి మళ్లీ మళ్లీ వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించండి.