మెమరీ నిండిందంటే ఏది నిండినట్టు?

పోయినేడు ఉగాదికి ముందు నా ఫోను మొరాయించడం మొదలుపెట్టింది. ఏది నొక్కినా కాసేపటికి గానీ తెరుచుకోదు. "మెమరీ నిండిపోయుంటుంది, పనికిరానివి తీసెయ్" అన్నారు మావారు. కూర్చుని, వాట్సాప్‌లో మా అమ్మ పంపిన వాయిస్ మెసేజులన్నీ తీసేశాను. ఫోను ఏమీ బాగుపడలేదు. ఆషాఢంలో అమ్మ పోయింది.

తర్వాత బెంగళూరు నుంచి వచ్చిన మావాడు చూసి, "64 జీబీలో సగం ఖాళీగానే ఉంది కదమ్మా! నీకు చాలనిది ర్యామ్, అది 3 జీబీయే. ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసుంటే సరిపోయేది" అన్నాడు.

నా తొందరపాటు లేదనను. కానీ నన్నడిగితే ఆ 'మెమరీ' అనే మాటదే ఎక్కువ తప్పు. రెండు వేరువేరు వాటికి ఒకే పేరు. మెమరీ కార్డు అంటామా, అది నిజానికి స్టోరేజీ!

మా చిలమత్తూరు వైపు వెనకటికి రాగులు పాతరలో పోసేవాళ్ళు. ఏళ్ళ తరబడి చెడేవి కావు, కరువులో తీసుకునేవాళ్ళు. స్టోరేజీ ఆ పాతర. ర్యామ్ మన చేతిలో చాట. ఇప్పుడు చెరిగేవే చాటలో ఉంటాయి, పని కాగానే దులిపేస్తాం. ఫోను ఆపినా అంతే, ర్యామ్ ఖాళీ అవుతుంది, పాతర అలాగే ఉంటుంది. చాట చిన్నదైందని పాతరలో గింజలు పారబోస్తే ఏం లాభం? నేను చేసింది అదే. (పాతర మరీ అంచుదాకా నిండినా ఫోను మందగిస్తుందట, అది వేరే సంగతి.)

కొట్లో "8 జీబీ, 128 జీబీ" అని గడగడా చెబుతారు. మొదటిది చాట, రెండోది పాతర. "ఆడవాళ్ళకెందుకివన్నీ" అనేవాళ్ళకు ఒకటే చెబుతాను: పిల్లల ఫోటోలు, ఆధార్, పాసుపుస్తకం కాపీ ఉండేది మన ఫోన్లోనే.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలూ, డ్రైవూ, 2021 జూన్ నుంచి ఎక్కించిన ఫోటోలూ అన్నీ. బ్యాకప్ అయిన ఫోటోని గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ చేస్తే రెండుచోట్లా పోతుంది. 'ఫ్రీ అప్ స్పేస్' అయితే ఫోన్లో మాత్రమే. నొక్కేముందు చూసుకోండి.

మా తమ్ముడి ఫోన్లో వెతికితే అమ్మది ఒకటి దొరికింది, ఎప్పుడో నేనే పంపింది. 11 సెకన్లు. మబ్బు పట్టింది, చెనక్కాయలు లోపల పెట్టుకోమని. ఇప్పుడది నా ఫోన్లో, మావాడి ల్యాప్‌టాప్‌లో, బీరువాలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉంది.