దగ్గు తగ్గాక బిళ్ళలు దేనికి?



“దగ్గు పోయింది సిస్టర్ గారూ, అన్నం సహిస్తోంది. ఇంకా ఈ బిళ్ళలు దేనికండీ?” టీ.బీ. మందులు వాడేవారు రెండో నెల దాటేసరికి అడిగే మాట ఇది. “డాక్టరు గారు చెప్పారు, మింగాలి” అని చాలా ఏళ్ళు నేనూ జవాబిచ్చాను. అది చాలదని ఇప్పుడు నా అభిప్రాయం. కారణం తెలియని మనిషి ఊడ్పులు రాగానే బిళ్ళలు గూట్లో పెట్టి పొలానికి పోతాడు.

ఆ కారణం క్రిమి గోడలో ఉంది. 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న ఈ క్రిమికి మైనం వంటి పూత ఉంటుంది. కళ్ళె పరీక్షలో ఎర్ర రంగు ఎక్కించి, తర్వాత యాసిడ్ పోస్తారు. మిగతా క్రిముల రంగు కడుక్కుపోతుంది, దీనిది పోదు. మామూలు జ్వరాలకు వాడే మందులు చాలావరకు ఈ గోడ దగ్గరే ఆగిపోతాయి.

తాటాకిల్లు అనుకోండి. వాసాలుంటేనే ఆకు నిలుస్తుంది. మనమిచ్చే నాలుగు మందుల్లో ఇథాంబ్యుటాల్ ఆ వాసాలు వేయనివ్వదు, ఐసోనియాజిడ్ ఆకు కప్పనివ్వదు. (భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధన నడిపిన అమెరికాలోని లెడర్లే సంస్థలోనే, ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1961లో ఇథాంబ్యుటాల్ బయటపడింది.) ఐసోనియాజిడ్ మరీ విచిత్రం. క్రిమిలోని ఎంజైమే దాన్ని పనిచేసే మందుగా మారుస్తుంది, అంటే తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఆ ఎంజైమ్ పాడైన క్రిములు మాత్రం తప్పించుకుంటాయి. మందులు సక్రమంగా వాడకపోతే అటువంటివే మిగిలి పెరుగుతాయి.

అయితే ఈ రెండు మందులూ ఇల్లు కట్టుకుంటున్న క్రిమినే కొట్టగలవు. విరేచనాల క్రిములు కొన్ని 20 నిమిషాలకు రెండైతే, దీనికి సుమారు 20 గంటలు కావాలి. కొన్నైతే ఏమీ కట్టకుండా నెలల తరబడి నిద్రపోతాయి. వాటి కోసమే రిఫాంపిసిన్, పైరజినమైడ్. వాటి కోసమే ఆరు నెలలు. దగ్గు తగ్గిందంటే మెలకువగా ఉన్న క్రిములు పోయాయి, అంతే.

ఒకప్పుడు ఈ జబ్బంటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వంటి శానిటోరియంలో నెలల తరబడి మంచం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సరిగా వాడితే ఇంట్లోనూ అంతే బాగా నయమవుతుందని 1959లో చూపించింది. మంచం పోయింది, బాధ్యత ఇంటికొచ్చింది. కానీ దాన్ని ఎలా మోయాలో మేము ఇంటివారికి సరిగా చెప్పలేదు.

వేరే ఊళ్ళో పనిచేసే రోజుల్లో ఒక తల్లి మూడో నెలలో కూలికి పోయి మందు మానేసింది. తిరిగొచ్చినప్పుడు అందరం కేకలేశాం. అప్పటికి ఆమె చిన్నపాపకు కూడా దగ్గు. గోడ సంగతి ఆమెకు మాలో ఎవరమూ చెప్పి ఉండలేదు.

మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది రిఫాంపిసిన్ రంగు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా ఆ రోజే రండి. కూలికో, వేటకో వేరే ఊరు పోవలసి వస్తే వెళ్ళేముందు ఒక్క మాట చెప్పండి. ప్రభుత్వ ఉచిత మందులను ఆ ఊరి కేంద్రానికి మార్పించుకోవచ్చు.